ముప్పై ఒకటో నిమిషం

శనివారం పొద్దున తొమ్మిదిన్నరకు, చేతిలో గరిటెతో వంటింటి గుమ్మంలో నిలబడి, అక్కయ్య "తమ్ముడూ, అది ఇంకోసారి పెట్టు," అంది.

ఆమె నా తోడబుట్టింది కాదు. ఏడు నెలల క్రితం రేడియో పని మీద మొదటిసారి వాళ్ళింటికి వెళ్ళినప్పుడు కలిపిన వరస అది. మనవాళ్ళకి కాఫీ కలపడం కన్నా వరస కలపడం తొందరగా వస్తుంది. ఆమె అక్కయ్య అయింది కాబట్టి ఆమె భర్త బావగారయ్యాడు, వాళ్ళమ్మాయికి నేను మామయ్యనయ్యాను. బావగారు ఇరవై రెండేళ్ళుగా ఒక పెద్ద ఆసుపత్రి దుప్పట్లు ఉతికే చోట ఇస్త్రీ యంత్రం దగ్గర పనిచేస్తున్నాడు. బయట అందరూ ఆయన్ని ఇస్త్రీ మాస్టారంటారు.

నేను విడిభాగాల గిడ్డంగిలో స్టోర్‌కీపర్ని. ఆదివారం పది నుంచి పదకొండు వరకు ఇక్కడి రేడియో స్టేషను మనవాళ్ళకిచ్చిన గంటను నడుపుతుంటాను. దానికి జీతం లేదు, వినేవాళ్ళున్నారు. ఈ ఊళ్ళో మనవాళ్ళ ఇళ్ళు మూడొందలైతే మూడొందల ఇళ్ళలోనూ ఆ గంట మోగుతుంది. ఈసారి ఏడుగురి చేత ఎవరి కథ వాళ్ళ నోటితో చెప్పించి, ఒక డాక్యుమెంటరీ తయారుచేశాను. దేశం విడిచి ఎలా వచ్చారు, వచ్చిన మొదటిరోజు ఏం తిన్నారు, ఎవరితో మాట్లాడారు, ఇలాంటివి. "ఉన్నది ఉన్నట్టు చెప్పండి, అంతే," అని ఏడుగురికీ చెప్పాను.

మా ఆవిడ మాత్రం, "ఏడు నెలలు పరాయివాళ్ళ సంసారాలు విన్నారు. నా మాట ఏడు నిమిషాలు వినండి, అదీ ఆ చెవి డిప్పలు తీసి," అనేది.

నాకొక పద్ధతుంది. ఎవరి కథ వాళ్ళకి ముందు వినిపించి, సరే అన్నాకే ప్రసారం చేస్తాను. ఆరుగురికి వినిపించాను. బావగారికి షిఫ్టులు మారుతూ రోజు కుదరలేదు. ఈలోగా శుక్రవారం వచ్చింది. ఆదివారం కార్యక్రమాన్ని శుక్రవారం సాయంత్రానికి స్టేషను వాళ్ళ యంత్రంలో ఎక్కించెయ్యాలి. బావగారి కథలో అభ్యంతరపెట్టే మాట ఏముంటుందిలే అనుకుని ఎక్కించేశాను. తాళి కట్టించేసి, పిల్లా, నీకిష్టమేనా అని అడిగినట్టు, శనివారం పొద్దున వినిపించడానికి వెళ్ళాను. బావగారు డ్యూటీకి వెళ్ళిపోయాడు. అమ్మాయి పళ్ళ డాక్టరు దగ్గర పనిచేస్తుంది, అదీ వెళ్ళిపోయింది. అక్కయ్య పొయ్యి మీద కూర కలుపుకుంటూ వంటింట్లోంచే వింటోంది. మధ్యలో మిక్సీ కూడా వేసింది.

మిక్సీ ఆగేసరికి బావగారు తన మొదటి గుర్తింపు కార్డు నాకు చూపించే చోటు వచ్చింది. కుర్చీ జరిపిన చప్పుడు. "వదినా, నా కళ్ళద్దాలు ఎక్కడ పెట్టావు?" అని బావగారి కేక. "నెత్తి మీదే ఉన్నాయి, చూసుకో!" అని లోపల్నించి అక్కయ్య జవాబు. ముగ్గురి నవ్వు.

ఆ ముక్క అంటే నాకు ప్రాణం. రేడియో పని నేర్పిన పెద్దాయన, ఇల్లు వినిపించని గొంతు గోడ లేని కిటికీ లాంటిదని చెప్పేవాడు. అందుకే ఆ కుర్చీని, ఆ నవ్వును అలాగే ఉంచాను. కత్తిరింపుల్లో నలభైసార్లు విని ఉంటాను. నలభైసార్లూ కళ్ళద్దాలే విన్నాను.

మళ్ళీ పెట్టాను. అక్కయ్య గరిటె పక్కన పెట్టి కుర్చీ అంచున కూర్చుంది.

"ఇది రేపు రేడియోలో వస్తుందా?"

"వస్తుందక్కయ్యా. కాస్త నవ్వు ఉండాలి కదా అని..."

"ఆ పిలుపు తీసెయ్యి."

"ఏ పిలుపు? వదినా అన్నదా? అదేదో సరదాకి అన్నారు. దానికేముంది? మా వీధి బస్సు డ్రైవరు మా ఆవిడని వదినగారంటాడు."

"సరదాకి కాదు తమ్ముడూ. నిజంగానే."

నాకప్పటికీ వెలగలేదు. ఆమె నా ముఖం చూసి, పొయ్యి కట్టేసి వచ్చి చెప్పింది.

ఆమె భర్తకి ఇక్కడ ఉద్యోగం వచ్చింది. మొగుడికీ, పెళ్ళానికీ, రెండేళ్ళ పాపకీ కాగితాలు వచ్చాయి. పాపకి గుండెలో రంధ్రం. అక్కడి డాక్టర్లు చేతులెత్తేశారు. ఇక్కడైతే ఆపరేషను చేస్తారన్నారు. బయల్దేరడానికి మూడు వారాల ముందు ఆయన జ్వరంతో పోయాడు. పదకొండో రోజున అత్తగారు చిన్నకొడుకుని పక్కకి పిలిచి, "ఒరేయ్, వాడి పోలికలన్నీ నీవే. వాడి కాగితాల మీద నువ్వెళ్ళి నా మనవరాలిని బతికించు," అంది. కొడుకు పోయిన తల్లి ఆ మాట అంటుంటే ఎవరూ ఎదురు చెప్పలేదు. మరిది అన్నగారి చొక్కా తొడుక్కుని, అన్నగారి పేరు పెట్టుకుని, వదిననీ పాపనీ వెంటబెట్టుకుని వచ్చాడు. పాప బతికింది. మాటలు నేర్చింది. ఒకరోజు ఆయన మోకాళ్ళు పట్టుకుని నాన్నా అంది.

"ఏమనాలి చెప్పు? కాదు, బాబాయి అనవే అనాలా? పక్కింటివాళ్ళు వింటున్నారు. రేపు చెబుదాం, బడికెళ్ళాక చెబుదాం, పెద్దమనిషయ్యాక చెబుదాం అనుకుంటూ వచ్చాం. ఆ మనిషి పెళ్ళి చేసుకోలేదు. ఇరవై రెండేళ్ళలో నా గది గడప తొక్కలేదు. ఆయన గురక రైలు కూతలా ఉంటుంది, అందుకే వేరే గదిలో పడుకుంటారని పిల్లకి చెప్పాను. అది నమ్మింది. దాని ముందు ఇదిగో అంటాడు, ఏమమ్మా అంటాడు. అది ఇంట్లో లేనప్పుడే నోరారా వదినా అంటాడు."

"కాగితాల సంగతి..." అన్నాను.

"కాగితాలు మండనీ. నా పిల్లకి తెలియకూడదు. ఇలా, వీధిలో అందరితో పాటు తెలియకూడదు. నీకు దణ్ణం పెడతాను, ఆ ఒక్క మాట తీసెయ్యి. ఎందుకని ఎవరడిగినా చెప్పకు. మీ ఇంటి దేవుడి మీద ఒట్టు."

ఒట్టు పెట్టి లేచాను.

రేడియో స్టేషను రెండంతస్తుల పాత భవనం. శనివారం మేనేజరు ఒక్కర్తే ఉంటుంది. మంచి మనిషే గాని ఆమెకు మన భాష ఒక్క ముక్క రాదు. ముప్పై ఒకటో నిమిషంలో ఒక మాట తీసెయ్యాలని చెప్పాను. యంత్రం తెరవాలంటే ఇంజనీరు రావాలి, ఆయన సెలవు మీద ఊరెళ్ళాడు, సోమవారం గాని రాడంది. సెలవులో ఉన్న మనిషిని పిలిపించాలంటే కారణం రాయాలి. ఒక కాగితం తీసి నా ముందు పెట్టింది. అందులో నాలుగు కారణాలున్నాయి. వాటిలో మొదటిది బూతు.

"ఏమిటా మాట?" అని వాళ్ళ భాషలో అడిగింది.

"వదినా."

"అంటే?"

"అన్న భార్య."

"అది మీలో తిట్టా?"

"కాదు. చాలా గౌరవమైన పిలుపు."

ఆమె కలం మూత పెట్టేసింది. "మరి అయితే ఏం పోయింది? ఒక గౌరవమైన పిలుపు కోసం సెలవులో ఉన్న మనిషిని పిలిపించమంటారా?"

పోయిన వారం కార్యక్రమమే మళ్ళీ వేయమన్నాను. ఏడుగురు తమ గొంతు వస్తుందని ఎదురుచూస్తుంటే మొత్తం ఆపమంటారా అంది. దానికీ ఇంజనీరే కావాలంది. కారణం చెప్పమంది. ఒట్టు గొంతుకు అడ్డం పడింది. మెట్లు దిగి వీధిలోకి వచ్చాక అర్థమయింది నేను చేసిన పని. అవును, బూతే అని ఒక్క అబద్ధం ఆడి ఉంటే సరిపోయేది. ఆమెకు భాష రాదు. ఎవరికీ నష్టం లేదు. సత్యమే పలకాలని చిన్నప్పుడు మా తాత చెప్పిన బుద్ధి, ఎప్పుడు ఎలా వాడుకోవాలో మాత్రం చెప్పలేదు.

రెండేసి మెట్లెక్కి వెనక్కి వెళ్ళాను. "అది బూతేనండీ. ఇందాక సిగ్గుపడి చెప్పలేదు," అన్నాను.

ఆమె నన్ను జాలిగా చూసింది. "మీరు మంచివారు. మీకు అబద్ధం రాదు. ఇంటికెళ్ళి పడుకోండి," అంది. అయినా నా ఎదురుగానే ఇంజనీరు ఇంటికి ఫోను చేసింది. ఎవరూ ఎత్తలేదు. కబురు పెడతానంది.

సాయంత్రం, అక్కయ్య ఫోనులో సంగతి చెబితే, బావగారు డ్యూటీ నుంచి నేరుగా మా ఇంటికి వచ్చాడు. లోపలికి రమ్మన్నా రాకుండా మెట్ల మీద కూర్చున్నాడు. వేడి యంత్రాల దగ్గర పనిచేసి చేసి ఆయన చేతులు ఎప్పుడూ ఎర్రగా ఉంటాయి. వాటిని మోకాళ్ళ మధ్య దాచుకున్నాడు.

"అయిందా?"

"కబురు పెట్టారు బావగారూ. రేపు పొద్దున్నే మళ్ళీ వెళ్తాను."

"నోరు జారలేదండీ," అన్నాడు, నేనేదో నింద వేసినట్టు. "జారితే నన్ను నేను తిట్టుకునేవాణ్ణి. ఆ పూట పిల్ల ఇంట్లో లేదు. మీరు ఎదురుగా కూర్చుని చిన్నప్పటి సంగతులన్నీ అడుగుతున్నారు. నన్ను ఎవరూ అలా అడగలేదు. ఆ రికార్డు చేసే డబ్బా ఒకటి ఉందని మరిచిపోయాను. మా ఇంట్లో కూర్చున్నట్టనిపించింది. ఆ ఇంట్లో ఆమె నాకు వదిన."

మా ఆవిడ కాఫీ తెచ్చింది. "ఏంటి అన్నయ్యగారూ, రేపు రేడియోలో వచ్చే మనిషి ముఖం ఇలాగేనా ఉండేది? మా ఆయన మీ గొంతుకి ఇంట్లో హారతి ఇవ్వడం ఒక్కటే తక్కువ!" అంది. ఆయన నవ్వబోయి కాఫీ ఒలకబోసుకున్నాడు.

ఆదివారం స్నానం చేసి దీపం పెట్టి చాలాసేపు కూర్చున్నాను. "స్వామీ, పదింటి నుంచి పదకొండు దాకా ఆ స్టేషనుకి కరెంటు తీసెయ్యి," అని వేడుకున్నాను. ఊహ తెలిసినప్పటి నుంచి ఏవేవో కోరుకున్నాను గాని ఇంత చిన్న కోరిక ఎప్పుడూ కోరలేదు. చిన్నదే, కానీ మంచిదో కాదో ఇప్పటికీ తెలియదు. ఆ గంట కోసం మిగతా ఆరుగురు తలంట్లు పోసుకుని మరీ కూర్చున్నారు.

ఎనిమిదిన్నరకు స్టేషనుకు వెళ్తే కాపలామనిషి తప్ప ఎవరూ లేరు. ఇంజనీరు నుంచి ఏ కబురూ లేదు. తొమ్మిదీ నలభై అయిదుకి అక్కయ్య వాళ్ళ తలుపు తట్టాను.

అమ్మాయి తీసింది. "రండి మామయ్యా! సమయానికి వచ్చారు. ఇది చూశారా?" రేడియోను గుడ్డతో తుడిచి బల్ల మధ్యలో పెట్టింది. చుట్టూ నాలుగు కుర్చీలు. బావగారు తెల్లచొక్కా వేసుకుని నిటారుగా కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి లేవబోయి మళ్ళీ కూర్చున్నాడు.

"నాన్నా, రేడియోకి కూడా ఇస్త్రీ చొక్కానా? ఎవరికి కనపడాలని?" అంది అమ్మాయి.

"గొంతు నలగకుండా ఉంటుందని," అన్నాడు బావగారు. అంత భయంలోనూ కూతురికి జవాబు చెప్పే అలవాటు పోలేదు.

"మా డాక్టరుకి కూడా చెప్పాను మామయ్యా. భాష రాకపోయినా వింటానన్నాడు. వింటే పళ్ళు కదులుతాయని భయపెట్టాను."

నేను మంచినీళ్ళ వంకతో వంటింట్లోకి వెళ్ళాను. అక్కయ్య గట్టు పట్టుకుని నిలబడి ఉంది. నా ముఖంలోనే చదువుకుంది.

"కాలేదు," అన్నాను. "అమ్మాయిని ఎక్కడికైనా పంపండి."

"పొద్దున్నుంచీ మూడుసార్లు పంపబోయాను. దాని స్నేహితురాళ్ళ ఇళ్ళన్నిట్లోనూ ఇదే మోగుతుంది కదా. ఎక్కడికి పంపను?"

"అయితే నేను చెబుతాను. రెండిళ్ళ రికార్డింగులు కలిసిపోయాయని చెబుతాను. ఆ కేక వేరే ఇంటాయనది, జవాబు మీది. కత్తిరింపులో నేను తప్పు చేశానంటాను. అలాంటి తప్పులు జరుగుతుంటాయి. అది నమ్ముతుంది."

బావగారు ఎప్పుడు వచ్చాడో, వెనక నిలబడి ఉన్నాడు. "అలాగే చెప్పండి," అన్నాడు. నా ముంజెయ్యి పట్టుకున్నాడు. "మీ కాళ్ళు పట్టుకుంటాను, అలాగే చెప్పండి. నేనూ అవునంటాను. ఏమంటావు... ఏమంటావమ్మా?" పక్కగదిలో కూతురుంది కాబట్టి ఆ పిలుపు మింగాడు.

అక్కయ్య చెంగుతో ముఖం తుడుచుకుని, "సరే," అంది.

పది కొట్టింది. నా గొంతే ముందు వచ్చింది, నమస్కారం అంటూ. అమ్మాయి చప్పట్లు కొట్టింది. మొదటి కథ బడిబస్సు నడిపే ఆవిడది. రెండోది వంటవాడిది. వాటికి అమ్మాయి నవ్వుతోంది, వ్యాఖ్యానాలు చేస్తోంది. నేను చెప్పబోయే అబద్ధాన్ని లోపల అప్పజెప్పుకుంటున్నాను. ఏ ఇంటాయన అనాలి? ఆ ఇల్లెక్కడ అంటే? ఏడు నెలలు మనుషుల ముందు కూర్చుని నిజం చెప్పమన్నాను. ఒక్కరిని కూడా, చెబితే మీకేమవుతుంది అని అడగలేదు.

పదీ ఇరవై నాలుగుకి బావగారి గొంతు వచ్చింది. "వచ్చిన మొదటిరోజు నాకిచ్చిన చేతితొడుగులు నా చేతులకన్నా పెద్దవండీ. పట్టుకున్న దుప్పటల్లా జారిపోయేది..." అమ్మాయి కుర్చీ జరుపుకుని ఆయన భుజం మీద తల పెట్టుకుంది. ఆయన కదలకుండా కూర్చున్నాడు. అక్కయ్య గడియారం చూస్తోంది. నేనూ అదే చూస్తున్నాను.

రేడియోలో నేను అడిగాను, "మీ వాళ్ళెవరైనా అక్కడున్నారా? అన్నదమ్ములూ..."

"లేరండీ," అంది బావగారి గొంతు. తడుముకోలేదు. "మా అమ్మకి నేనొక్కణ్ణే. అన్నదమ్ములెవరూ లేరు."

ఆ మాట రేడియోలో ఉందని నాకు తెలుసు. అడిగింది నేనే. శనివారం ఆ చోట మిక్సీ తిరుగుతోంది. అక్కయ్య వినలేదు.

ఇప్పుడు వింది. లేచి వెళ్ళి రేడియో కట్టేసింది. పదీ ఇరవై తొమ్మిది.

"అమ్మా! నాన్న వస్తుంటే ఆపేస్తావేంటి!"

"ఉన్నాడు," అంది అక్కయ్య. కూతురితో కాదు, ఆగిపోయిన రేడియోతో అంటున్నట్టు. "ఉండేవాడు. అన్నయ్య ఉండేవాడు."

బావగారు "వద్దు," అన్నాడు. "వద్దు, ఆయన చెబుతానన్నారు కదా." నా వైపు చూశాడు. నేను నోరు తెరిచాను. అక్కయ్య చెయ్యెత్తి ఆపింది.

"ఇంకో రెండు నిమిషాల్లో ఈయన నన్ను వదినా అని పిలుస్తాడు," అంది కూతురితో. "మూడొందల ఇళ్ళలో వింటారు. నువ్వు నా నోటితో విను. మీ నాన్న పోయారు. నీకు రెండేళ్ళప్పుడు పోయారు. ఈయన మీ నాన్నకి తమ్ముడు. నీకు బాబాయి."

అమ్మాయి నవ్వింది. నవ్వి నా వైపు చూసింది, మామయ్యా, ఏంటీ నాటకం అన్నట్టు. నేను తల దించుకున్నాను. దాంతో నవ్వు పోయింది. ఆయన భుజం మీది నుంచి తల ఎత్తింది. ఆయన కళ్ళ వెంట నీళ్ళు కారి తెల్లచొక్కా మీద పడుతున్నాయి. తుడుచుకోవడం లేదు.

అమ్మాయి తల్లి వైపు తిరిగి, "ఎలా ఉండేవారు?" అని అడిగింది.

"ఇలాగే. అచ్చం ఈయనలాగే. అందుకే కదా..."

"గొంతు?"

అక్కయ్య ఏదో చెప్పబోయింది. కళ్ళు మూసుకుంది. వెతికింది. నేను చూస్తుండగానే ఆమె ముఖం పాలిపోయింది.

"గుర్తు లేదే," అంది. "నాకు గుర్తు లేదమ్మా."

"నాలాగే ఉండేదనేవారు," అన్నాడు బావగారు మెల్లగా. "వెనకనుంచి పిలిస్తే మా అమ్మ కూడా పోల్చుకునేది కాదు."

అమ్మాయి ఆయనకెదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది. నాన్నా అనలేదు. బాబాయీ అనలేదు.

"అయితే మాట్లాడు," అంది.

"ఏం మాట్లాడనమ్మా?"

"ఏదో ఒకటి. మాట్లాడు, వింటాను." కళ్ళు మూసుకుంది.

నా ముందు రెండు గంటల సేపు ఆగకుండా చెప్పిన మనిషి ఆయన. నోరు తెరిచాడు. పెదాలు కదిలాయి. చప్పుడు రాలేదు. మళ్ళీ ప్రయత్నించాడు. అమ్మాయి కళ్ళు మూసుకునే ఉంది, ఎదురుచూస్తోంది.

గడియారం పదీ ముప్పై ఒకటి దాటింది. మరో రెండు నిమిషాలకి ఫోను మోగింది. ఆగి మళ్ళీ మోగింది. అది నా కుర్చీ పక్క బల్ల మీదే ఉంది. ముగ్గురిలో ఒక్కరూ అటు తిరగలేదు. రెండిళ్ళ రికార్డింగులు కలిసిపోయాయండీ అన్న మాట నా నాలుక మీద ఇంకా సిద్ధంగానే ఉంది. చెయ్యి చాపి ఫోను మీద వేశాను గాని, ఎత్తాలో వద్దో నాకు తెలియలేదు.